కలమళ్ల శాసనం, కృత్రిమ మేధ, మన అసైన్‌మెంట్లు

కడపలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పే నేను, ఇంటర్నల్ మార్కుల కోసం వచ్చిన అసైన్‌మెంట్లు దిద్దుతూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. మన జిల్లాలోనే ఉన్న కలమళ్ల శాసనం గురించి మూడు పేజీలు. అక్షరదోషం ఒక్కటీ లేదు, భాష నున్నగా సాగింది. అయితే క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఆ శాసనాన్ని వేంగి చాళుక్యులు వేయించారని అందులో ఉంది. నిజానికి అది మన కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలానిది. వేంగి చాళుక్య రాజ్యం మొదలైందే ఏడో శతాబ్దంలో. అప్పటికింకా పుట్టని రాజ్యం శాసనం ఎలా వేయించిందమ్మా అని అడిగితే, ఆ విద్యార్థిని ఏమాత్రం తడబడకుండా "ఏఐ అట్లే చెప్పింది సార్" అంది.

ఆ అమ్మాయిని మందలించే ముందు, ఆ యంత్రం ఏం చేస్తుందో మన అధ్యాపకుల్లో ఎంతమందిమి వివరించగలమని నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చింది. చాట్‌జీపీటీ వంటి సాధనాలకు ఆధారమైన భాషా నమూనా, గ్రంథాలయంలో పుస్తకం తీసి పేజీ తిరగేసినట్లు సమాధానం వెతకదు. అపారమైన పాఠాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కల వరుస తర్వాత ఏ ముక్క రావడానికి ఎంత అవకాశం ఉందో శిక్షణలో నేర్చుకుని, ఆ లెక్కతోనే ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ పోతుంది. ప్రాచీన తెలుగు శాసనాల ప్రస్తావన వచ్చిన చోటల్లా చాళుక్యుల పేరు తరచుగానూ, రేనాటి చోళుల పేరు అరుదుగానూ కనిపిస్తే, యంత్రం చాళుక్యుల వైపే మొగ్గడంలో వింత లేదు. ఆంగ్లంతో పోలిస్తే తెలుగులో శిక్షణకు దొరికే పాఠం చాలా తక్కువ కాబట్టి, మన ప్రాంతపు విషయాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఇప్పుడు కొన్ని సాధనాలు అంతర్జాలంలో వెతికి జవాబు ఇస్తున్నా, వెతికినదాన్ని సరిగ్గా చదివాయన్న హామీ లేదు.

కృత్రిమ మేధ అన్న మాట కొత్తదేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త జాన్ మెకార్తీ తదితరులు 1955లో ఒక సదస్సు కోసం రాసిన ప్రతిపాదనలోనే అది ఉంది, మరుసటి ఏడాది అక్కడి డార్ట్‌మత్ కళాశాలలో ఆ సదస్సు జరిగింది. నియమాలు రాసి యంత్రానికి అప్పగించే పద్ధతి నుంచి ఉదాహరణలతో నేర్పే పద్ధతికి మారడానికి దశాబ్దాలు పట్టింది. నేటి భాషా నమూనాలకు పునాది అయిన, 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం, 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ ఆ మార్పును మన తరగతి గది దాకా తెచ్చాయి.

మా స్టాఫ్ రూములో ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట, ఏఐ రాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్ కావాలని. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే, అటువంటి సాధనాన్ని 2023లో విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది వెనక్కి తీసుకుంది. ఏ పల్లె నుంచో వచ్చి, కష్టపడి చక్కగా రాయడం నేర్చుకున్న పిల్లవాణ్ణి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఏదో శాతాల అంకె చూపించి దొంగను చేయడం అన్యాయం. మార్చవలసింది ప్రశ్నను. "శాసన ప్రాముఖ్యాన్ని వివరించండి" అన్న ప్రశ్నకు జవాబు మునుపు గైడులో దొరికేది, ఇప్పుడు ఫోనులో దొరుకుతోంది. అడిగిన మనం మాత్రం మారలేదు. అధ్యాపకులకు ఇచ్చే శిక్షణలో కూడా యాప్‌ల పేర్లు అప్పజెప్పడం తగ్గించి, ఈ టోకెన్ల లెక్కను ఒక్క పూట బోర్డు మీద విడమరిచి చెబితే ఎంతో మేలు.

ఆ అమ్మాయికి అదే అసైన్‌మెంట్ తిరిగి ఇచ్చాను. గ్రంథాలయంలో శాసనాల పుస్తకం ముందు పెట్టుకుని, యంత్రం రాసిన ప్రతి వాక్యాన్నీ సరిచూసి, తప్పున్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన ఆధారం రాయమన్నాను. వారం తర్వాత అవే మూడు పేజీలు తొమ్మిది ఎర్ర గీతలతో వచ్చాయి. వాటిలో రెండు నేను దిద్దినప్పుడు నా కంటికి కూడా ఆనని తప్పులు. ఇంటర్నల్ మార్కులు ఆ గీతలకే వేశాను.