శాసనం ముట్టని చరిత్ర ఎం.ఏ.

హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక సంవత్సరం 1084 నాటిది. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని డిగ్రీ విద్యార్థులందరికీ తెలుసు. ఆ లెక్కన 1162 రావాలి. పుస్తకాల్లో మాత్రం 1163 అని ఉంటుంది. ఎందుకని అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. జవాబు శాసనంలోనే ఉంది: చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. ఉగాదికి మొదలైన శక సంవత్సరం మాఘానికి వచ్చేసరికి ఇంగ్లిషు క్యాలెండర్‌లో మరుసటి ఏడాది జనవరి దాకా వచ్చేస్తుంది. అప్పుడు కలపాల్సింది 79.

ఉద్యోగాల్లేకనే ఆర్ట్స్ కోర్సులకు గిరాకీ తగ్గిందంటారు. కొంత నిజమే. కానీ గ్రూప్స్ కోచింగ్‌లో దొరికే బిట్లనే ఎం.ఏ.లోనూ చెబితే, రెండేళ్లు క్యాంపస్‌లో ఎందుకుండాలి?

శాఖల మధ్య గోడలు ఇంకో తలనొప్పి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడి 10వ శతాబ్దపు శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు కంద పద్యాలు నన్నయ కంటే ముందువి. ఛందస్సు తెలుగు శాఖది, అప్పటి పాలకులైన వేములవాడ చాళుక్యులు చరిత్ర శాఖ సొత్తు. మరి గుట్ట ఎక్కేదెవరు?

కాకతీయుల గడ్డ మీద ఎం.ఏ. చరిత్రలో ఒక సెమిస్టర్ శాసనానికే ఇవ్వాలి. ఈ రెండు శాఖల విద్యార్థులు కలిసి ఒక్క శాసనం చదివినా చాలు. ముందు ఎస్టాంపేజ్, అంటే రాతి మీది అక్షరాల అచ్చును కాగితం మీదికి తీయడం నేర్పాలి. రాయిని మెత్తని బ్రష్షుతో, నీళ్లతో కడగాలి. తడిపిన కాగితం పరిచి, గాలిబుడగలు పోయేలా బ్రష్షుతో కొడితే అక్షరాల గుంతల్లోకి కాగితం దిగుతుంది. కాస్త ఆరాక సిరా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా పాకుతుంది. మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. సిరా చిక్కగా పడితే ఒత్తులు పూడుకుపోతాయి. సరిగ్గా వస్తే నల్లని నేల మీద తెల్లని అక్షరాలు కనిపిస్తాయి. అక్షరాల్లో సుద్దపొడి నింపి ఫోన్‌లో ఫొటో తీస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. సరిపోదు, ఆ ఫొటోలో దొరికేది సుద్ద నింపినవాడి ఊహ.

రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. ఊళ్లలో దిక్కులేక పడి ఉన్న రాళ్లకూ సంబంధిత అధికారులకు, గ్రామ పంచాయతీకి చెప్పాకే చేయి వేయాలి. ఎనామిల్ పెయింట్, సున్నం ముందు మింగేది వాటినే కాబట్టి పని అక్కడే మొదలవ్వాలి.

పరీక్ష కూడా ఆ ఎస్టాంపేజ్ కాగితం మీదే పెట్టాలి. చదవలేని చోట చుక్కలు పెట్టి వదిలేసినవాడికి, ఊహించి నింపినవాడి కంటే ఎక్కువ మార్కులు వేయాలి.