సీలు తీయని నూనె బుడ్డి గారికి

గాలి ఒత్తిడితో మేకులు కొట్టే నెయిల్ గన్ వెంట వచ్చిన మహారాజశ్రీ నూనె బుడ్డి గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా గన్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలో, మడత విప్పని మాన్యువల్ పక్కన, సీలు చెదరకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. గన్ సంగతే చెప్పలేను.

తమరు మమ్మల్ని అడిగేది బొత్తిగా అన్యాయం. పని మొదలుపెట్టే ముందు, గాలి పైపు తగిలించే చోట నాలుగైదు చుక్కలు వెయ్యాలట! రోజంతా కొట్టే పనైతే మధ్యలో మరోసారి అట! అక్కణ్ణించి గాలే తమర్ని వాల్వుల్లోకి, సిలిండర్ గోడల మీదికి, పిస్టన్ చుట్టూ గాలి జారకుండా ఉండే ‘ఓ-రింగు’ అనే గుండ్రటి రబ్బరు సీలు దాకా మోసుకుపోతుందట. గన్ విప్పనక్కర్లేదు, స్క్రూ తిప్పనక్కర్లేదు. చెమట పట్టని పనిని పని అని ఎలా ఒప్పుకుంటాం చెప్పండి? పైగా గన్ టపటపా కొడుతూనే ఉంది. కొడుతున్నదాన్ని కెలకడం మా ఇంటావంటా లేదు.

కొన్నాళ్లకు మేకు పూర్తిగా దిగదు. తల చెక్క మీదికి తేలి చూస్తూ ఉంటుంది. అప్పుడు విచారణ మొదలు. మొదటి ముద్దాయి మేకు: నాసిరకం. రెండో ముద్దాయి చెక్క: మరీ గట్టిది. మూడోది గాలిని నొక్కి పంపే కంప్రెసర్: గాలి చాలట్లేదు. చమురు లేక ఎండిన ఓ-రింగు సిలిండర్ గోడను ఒరుసుకుంటూ అరిగిపోతోందనీ, పిస్టన్‌ను కిందికి తొయ్యాల్సిన గాలి ఆ సందులోంచి జారుకుంటోందనీ సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ రారు. కాబట్టి రెగ్యులేటర్ తిప్పి గాలి పెంచుతాం. చాలా గన్‌లు 70 నుంచి 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) లోపు నడవడానికి తయారైనవి. ఎంత దాటకూడదో గన్ ఒంటి మీదే రాసి ఉంటుంది. అలాంటి రాతలు చదవడానికి మేమేమైనా శాసన పరిశోధకులమా? పెంచిన దెబ్బంతా పిస్టన్ కింద ఉండే రబ్బరు బంపర్ తింటుంది. అది చితికాక మేకును కొట్టే బ్లేడు వంతు.

ఆ తర్వాత గన్ బుసకొట్టడం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ దగ్గర బుసకొడితే ట్రిగ్గర్ వాల్వు రింగులు చూడాలి, నెత్తి మీద కొడితే హెడ్ వాల్వు రింగులు చూడాలి. రిపేరు తెలిసినవాళ్లు చెవి పెట్టి విని గాలి లీకు ఎక్కడుందో చెప్పేస్తారు. నెయిల్ గన్ వాడేటప్పుడు చెవులకు రక్షణ ఉండాలన్న నియమాన్ని మేం సరిగ్గా ఆ సమయంలోనే తు.చ. తప్పకుండా పాటిస్తాం. ఇక ఆ రింగు అంటారా, వేలెడంత రబ్బరు ముక్క. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని లోకులు ఎవరినో అంటుంటారు. మేం గొడ్డలి తేం, ఏకంగా కొత్త గన్ తెస్తాం. దాంతో పాటు తమరి తమ్ముడొకరు సీలుతో సహా వస్తారు.

తమర్ని పూర్తిగా మరిచామని మాత్రం నింద వెయ్యకండి. తమరి స్థానంలో ఇన్‌ఛార్జీలను నియమించాం. తుప్పు వదిలించే స్ప్రే ఒకటుంది. తలుపు కీచుమన్నా అదే, తాళం బిగిసినా అదే, గన్‌కు మాత్రం వేరేదెందుకని దాన్నే కొడతాం. అందులోని సాల్వెంట్ ఉన్న కాస్త జిడ్డునూ కడిగేసి, రబ్బరు రింగుల ఆయుష్షునూ కాస్త తగ్గించి, ఆవిరైపోతుంది. అది లేనినాడు బండిలో పోయగా మిగిలిన ఇంజన్ ఆయిల్ ఉండనే ఉంది. ఇంజన్ మురికిని కడగడానికి అందులో కలిపే డిటర్జెంట్లు గన్ సీళ్లకు పడవు. పడకపోవడం సీళ్ల తప్పు. వాటికి సర్దుకుపోయే గుణం ఉండొద్దూ?

గన్ లోపలికి ఏమీ పంపడం లేదన్నది కూడా అబద్ధం. రోజూ నీళ్లు పంపుతున్నాం. గాలిని నొక్కి కంప్రెసర్ ట్యాంకులో నింపాక అది చల్లబడే కొద్దీ అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఆ నీళ్లు వదిలెయ్యడానికి ట్యాంకు కింద ఒక వాల్వు పెట్టారు. వంగితేగానీ అందదు. అందుకని నీళ్లే గాలి వెంట పైపులోంచి గన్‌లోకి వెళ్లి, నూనె ఉంటే కడిగి, లేకపోతే తుప్పు పట్టిస్తున్నాయి.

మేకు బయటికొచ్చే గన్ ముక్కు దగ్గర ఇంకో ముచ్చట. చెక్కకు ఆనించి నొక్కితేనే మేకు బయటికొచ్చేలా అక్కడొక సేఫ్టీ ఉంటుంది. మేకుల పట్టీల జిగురు, చెక్క బంక, రంపపు పొట్టు కలిసి అక్కడ పేరుకుంటాయి. తుడవం. ఒకరోజు అది నొక్కుకున్న చోటే ఇరుక్కుపోతుంది. అప్పుడిక చెక్క అక్కర్లేదు, ట్రిగ్గర్ మీద వేలు చాలు. ఎదురుగా ఎవరున్నారన్నది గన్‌కు అనవసరం. శుభ్రం చేద్దామనుకున్న మహానుభావుడైనా పైపు ఊడదీయకుండానే మొదలుపెడతాడు. ఊడదీసినా, విడదీయగానే గాలి దారి దానంతటదే మూసుకునే రకం కప్లర్‌ను (పైపునూ గన్‌నూ కలిపే బిగింపును) పైపుకు బదులు గన్‌కే బిగించాడనుకోండి, ఇంకో మేకు కొట్టడానికి సరిపడా గాలి లోపలే ఉండిపోతుంది.

మాలో భక్తులు లేకపోలేదు. చుక్కలు చాలవని తమర్ని బుడ్డెడు వంచేసేవాళ్లున్నారు. ఎక్కువైనదంతా, వాడిన గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్‌లోంచి తుంపరగా వచ్చి కొత్త చెక్క మీద పడుతుంది. ఆ మచ్చ మీద పాలిష్ పట్టదు. మేకుల పట్టీ పెట్టే మ్యాగజైన్‌లో పోస్తే పొట్టుతో కలిసి ముద్దై మేకులు ముందుకు జరగవు. నిజానికి దానికి పొడి గుడ్డ చాలు. ఇక ‘ఆయిల్ ఫ్రీ’ అని రాసి ఉన్న గన్‌ల జోలికి తమరు అసలు పోకూడదు. వాటి లోపల తయారీలోనే గ్రీజు పూసి పంపుతారు. తమరు వెళ్తే అది కొట్టుకుపోతుంది. ఈ ముక్క మాన్యువల్‌లో ఉంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇట్లు,
తమరి పెట్టె మూత వేసి ఉంచిన సంఘం తరఫున ఒక సభ్యుడు.

తా.క.: తమర్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు మాలో ఒక్కడున్నాడు. రోజూ పొద్దున్నే పైపు తగిలించే ముందు ఐదు చుక్కలు లెక్కపెట్టి మరీ వేస్తాడు. వాడిది ఆయిల్ ఫ్రీ గన్.