పరిషత్తు లేదు, పరిషత్ బడి ఉంది

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో సర్కారు హైస్కూలు గేటు ముందు నిలబడితే చాలాచోట్ల 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అన్న బోర్డే కనిపిస్తుంది. ఆ జిల్లాకు మాత్రం జిల్లా పరిషత్తే లేకుండా పోయింది. 2019లో తెలంగాణలో 32 జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిగాయి. 2025లో ఎన్నికల సంఘం వేసిన లెక్కలో 31 మిగిలాయి. గ్రామ పంచాయతీలన్నీ మున్సిపాలిటీల్లో కలిసిపోయాక ఆ జిల్లాలో జడ్పీటీసీని, అంటే జిల్లా పరిషత్ సభ్యుణ్ని, ఎన్నుకునే ఊరే లేదు. హైదరాబాద్ నగరం పెరిగిందని పండగ చేసుకున్నవారిలో ఒక్కరూ ఈ బడులకు ఇక దిక్కెవరని అడగలేదు.

ఈ బడులు పుట్టినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. నిజాం కాలంలో పెద్ద చదువంటే ఎక్కువగా ఉర్దూ చదువే. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. నగరానికి పది మైళ్ల దూరంలోని తెలుగు రైతు బిడ్డకు హైస్కూలు అందని మాట. 1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించాక పల్లెల్లో ఉన్నత పాఠశాలల బాధ్యత జిల్లా పరిషత్తులకు వచ్చింది. అప్పటికి ఉప్పల్, కూకట్‌పల్లి, హయత్‌నగర్, అల్వాల్ అన్నీ చెరువూ పొలమూ ఉన్న ఊళ్లే. ఊరి పెద్దలు జాగా చూపించారు. కొన్నిచోట్ల కాగితం కూడా లేదు, నోటిమాటే. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు పొలం గట్ల మీద నడిచి వచ్చి చదువుకున్నారు.

ఆ తర్వాత బాలానగర్, జీడిమెట్ల, రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీలు లేచాయి. పెద్ద ప్రభుత్వ సంస్థల్లో పర్మినెంటు ఉద్యోగులకు టౌన్‌షిప్పులు, వాటిలోనే బడులు ఉండేవి. కాంట్రాక్టు కూలీ బిడ్డ మాత్రం జడ్పీ హైస్కూలుకే వచ్చాడు. 1978లో హైదరాబాద్ గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. 2007లో ఎల్బీనగర్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్ సహా 12 మున్సిపాలిటీలను హైదరాబాద్‌లో కలిపి జీహెచ్ఎంసీ (మహానగర పాలక సంస్థ) చేశారు. 2016లో మేడ్చల్ వేరు జిల్లా అయింది. 2025 చివర మరో 27 పురపాలక సంస్థలను మహానగరంలో కలిపారు. ఇన్నిసార్లు పటం మారినా ఈ బడులను ఎవరి పద్దులో రాయాలో ఎవరూ తేల్చలేదు.

చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. పంచాయతీలకు అప్పగించదగ్గ పనులను చెప్పే 11వ షెడ్యూలులో 17వ అంశం విద్య. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను అందులో పేరు పెట్టి రాశారు. పట్టణాలకు సంబంధించిన 12వ షెడ్యూలులో బడి అన్న మాటే లేదు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించాలన్న ఒక్క ముక్క ఉంది, అంతే. అంటే ఊరు నగరమైన రోజు ఊరివాళ్లకు రోడ్లూ నల్లాలూ దక్కుతాయి, బడికి ఉన్న స్థానిక యజమాని పోతాడు. పేరు జడ్పీది, జీతాలు విద్యాశాఖవి, డ్రైనేజీ కార్పొరేషన్‌ది. మురుగు పొంగి వరండాలోకి వస్తే హెచ్ఎం మూడు ఆఫీసులకు ఉత్తరాలు రాసుకోవాలి. కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే 'అది మా పరిధి కాదు' అంటారు. ఆయన చెప్పింది నిజమే, అసలు బాధ అదే.

ఇక లోపల చదివేదెవరు? ఊరి పాత కుటుంబాల్లో స్తోమత ఉన్నవాళ్లు ఎప్పుడో ప్రైవేటుకు వెళ్లారు. ఇప్పుడు బెంచీల మీద కూర్చునేది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు, అడ్డా కూలీ కొడుకు, ఇళ్లల్లో పనిచేసే తల్లుల పిల్లలు. పొద్దున్నే లేచి సంపు మోటారు వేసి, కార్లు తుడిచి, ఆ తర్వాత బ్యాగు భుజాన వేసుకునే పిల్లలున్నారు. ముహూర్తాల సీజన్ వస్తే తొమ్మిది, పది తరగతుల మగపిల్లల హాజరు పడిపోతుంది. ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు వెళ్తారు. రాత్రి ఒంటిగంట దాకా వడ్డించిన పిల్లవాడు మొదటి పీరియడ్‌లో నిద్రపోతే సారు ఏమని తిడతారు? తండ్రి పనిచేసే సైటు మారితే ఏడాది మధ్యలో బడి మారుతుంది. ఆధార్‌లో ఒక పేరు, టీసీలో ఇంకో పేరు. వాటిని సరిచేయించుకునే టెన్షన్ పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే దాకా వదలదు.

మైదానంలో భాష హిందీ, తెలంగాణ తెలుగు కలగలుపు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్ల, ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే పిల్లాడు పొద్దున ప్రార్థనలో పక్కపక్కన నిలబడి ప్రతిజ్ఞ చెబుతారు. ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆ సంగతి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారో లేదో. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఈ ఏర్పాటు మంచిదే. పిల్లలు అర్థం ఒక పేజీలో వెతుక్కుని జవాబు ఇంకో పేజీ నుంచి బట్టీ పడుతున్నారన్నదీ నిజమే.

అయినా ఈ బడుల్లో ఆశకు కరువు లేదు. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేల రూపాయల స్కాలర్‌షిప్. పదిలో మంచి ఫలితం వస్తే బాసర ట్రిపుల్ ఐటీ సీటు. సర్కారు బడి పిల్లలకు అక్కడ ప్రవేశాల్లో అదనపు పాయింట్లు ఇస్తూ వచ్చారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక ఆడపిల్లలకు సాయంత్రం స్టడీ అవర్స్ దాకా ఉండటం కొంత తేలికైంది. బతుకమ్మ రోజుల్లో ఈ బడుల ఆవరణలో ఉండే కళ ఏ కార్పొరేట్ స్కూలు వార్షికోత్సవంలోనూ మాకు కనిపించలేదు.

టీచర్ల సంగతి వేరు. 2017 నోటిఫికేషన్ తర్వాత టీచర్ల నియామకానికి మళ్లీ డీఎస్సీ పరీక్ష 2024లో గాని జరగలేదు. ఆ ఏడేళ్లూ మొదట విద్యా వలంటీర్లతో, తర్వాత సర్దుబాట్లతో నెట్టుకొచ్చారు. శివారు బడుల్లో పిల్లల సంఖ్య ఏడాది మధ్యలోనూ పెరుగుతుంది, పోస్టులు మాత్రం పాత లెక్క మీదే నిలిచిపోతాయి. సిటీ అలవెన్సు వల్ల ఇక్కడికి బదిలీ కోరేవాళ్లకు కొదవలేదు, కొరత మంజూరైన పోస్టులదే.

అన్నిటికన్నా ముందు పోయేది జాగా. ఎకరాల్లో ఇచ్చిన స్థలం ఇప్పుడు గజాల్లో లెక్కకొస్తోంది. ఒక మూల వాటర్ ట్యాంకు, ఇంకో మూల ఏదో ఆఫీసు, సాయంత్రమైతే కార్ల పార్కింగ్, ఎన్నికలొస్తే సభ. కాగితం లేని దానం ఇచ్చినవారి మనవల కాలానికి కోర్టుకెక్కినా ఆశ్చర్యం లేదు. పూర్వ విద్యార్థులు ఆత్మీయ సమ్మేళనాలు పెట్టుకుని ఫ్లెక్సీలు కట్టి, బీరువానో మంచినీళ్ల ప్లాంటో ఇచ్చి వెళ్తున్నారు, సంతోషం. వారిలో రెవెన్యూ, రియల్ ఎస్టేట్ తెలిసినవారు తక్కువేం కాదు. ఆ తెలివిని బడి హద్దురాళ్ల మీద కూడా కాస్త ఖర్చుపెట్టవచ్చు.

ప్రభుత్వాన్ని మేము అడిగేది బోర్డు మార్చమని కాదు. మహానగర పరిధిలో ఉన్న ప్రతి జడ్పీ హైస్కూలుకూ నిర్వహణ బాధ్యత ఏ సంస్థదో, దానికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో జీవోలో రాయాలి. కార్పొరేషన్‌కే ఇస్తే నిధులతో పాటు ఇవ్వాలి, ఉత్త పెత్తనం ఇవ్వొద్దు. పోస్టుల లెక్కను ప్రవేశాలు ముగిశాక మరోసారి చూడాలి. స్థలాలను సర్వే చేయించి, సర్వే నంబరుతో సహా బడి పేరున రికార్డుకెక్కించాలి. పాత అడ్మిషన్ రిజిస్టర్లను స్కాన్ చేయించాలి. పుట్టిన తేదీ కోసమో స్థానికత కోసమో వాటి అవసరం ఈ ఊళ్లవాళ్లకు ఇంకా పడుతూనే ఉంది. సర్వే పని వేసవి సెలవుల్లో పెట్టుకుంటే జూన్‌లో బడిబాట మొదలయ్యేనాటికి హద్దులు తేలిపోతాయి.