రెండు కట్టలు, ఏ చేత్తో రెయిలింగ్?
మెషీన్ సార్టింగ్‌తో కెనడా పోస్ట్ (అక్కడి ప్రభుత్వ తపాలా సంస్థ) లెటర్ క్యారియర్ల, అంటే పోస్ట్‌మన్ల, పని తేలికైందని ఒక వ్యాసంలో రాశారు. తేలికైంది ఉత్తరాలు సర్దుకునే డిపోలో మాత్రమే. మెషీన్ వరుసలో పేర్చిన ఉత్తరాలు ఒక కట్ట, చేత్తో సర్దినవి ఇంకో కట్ట. ఇదివరకు రెండూ కలిపి ఒకే కట్టగా తీసుకెళ్లేవారు. మెషీన్ వచ్చాక ఒకటి ముంజేతి మీద, ఒకటి గుప్పిట్లో అయింది. చూపంతా అడ్రసుల మీదే, మరి మంచు పట్టిన మెట్ల దగ్గర రెయిలింగ్ ఏ చేత్తో పట్టుకోవాలి? 2010లో కెనడాలోని విన్నిపెగ్ నగర క్యారియర్లు ఎదురు తిరిగిన కారణాల్లో ఇదొకటి. కెనడా లేబర్ కోడ్ (కార్మిక చట్టం) 128వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన పని చేయననొచ్చు, కానీ వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. మొదట యాజమాన్యం విచారణ, ఆపై భద్రతా కమిటీ, అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖ. అంతదూరం పోనక్కర్లేదు, బయల్దేరేముందు కట్టలు కలుపుకునే టైమును రూటు లెక్కలో (ఒక్కో రూటుకి ఇచ్చే పని గంటల్లో) వేస్తే సగం తగాదా డిపోలోనే తీరుతుంది.