కాల్క్యులేటర్ చేతిలో ఉన్న పిల్లలకి 6174

మన పిల్లలు చిన్నప్పుడు అబాకస్‌కి వెళ్తారు, ఎక్కాలు గడగడా అప్పజెప్తారు. అదే పిల్లల్ని హైస్కూల్‌కి వచ్చాక 25లో 16 శాతం ఎంతని అడిగితే ఫోన్ తీస్తారు. తిప్పి 16లో 25 శాతం అనుకుంటే పావు వంతే కదా, నాలుగని నోటితోనే చెప్పేయొచ్చు. ఆ తిప్పడం తట్టకపోవడమే అసలు లోటు. ఇందులో పిల్లల తప్పు లేదు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్షలో ఇప్పుడు లెక్కల భాగమంతా కాల్క్యులేటర్ వాడొచ్చు. వద్దని పోట్లాడి లాభం లేదు.

పదిహేనేళ్ల పిల్లకి మళ్లీ ఎక్కాల వర్క్‌షీట్ ఇస్తే చిన్నతనంగా ఉంటుంది. ఆ వయసుకి అంకెల పజిల్ సరిపోతుందని నా అభిప్రాయం. చెయ్యాల్సింది చిన్న తీసివేతే, ఆలోచించాల్సింది మాత్రం బోలెడు.

మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూలు మాస్టారుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో బయటపెట్టిన ఆట చూడండి. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోవాలి, నాలుగూ ఒకే అంకె కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి, దాన్ని తిరగేసి తీసేయాలి. 3524 అయితే 5432 - 2345 = 3087. మళ్లీ 8730 - 0378 = 8352. మళ్లీ 8532 - 2358 = 6174. ఇక ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఉంటుంది. ఏ సంఖ్యతో మొదలెట్టినా ఏడు మెట్లు దాటకుండా అక్కడికే చేరుతుంది.

ఇంతవరకు గారడీయే. ఇప్పుడు 9876తో చేయమనండి. మొదటి మెట్టులో మళ్లీ 3087 వస్తుంది! ఎందుకని? తిరగేసినప్పుడు వేలూ ఒకట్లూ స్థానాలు మార్చుకుంటాయి, వాటి తేడాకి 999 రెట్లు. వందలూ పదులూ మార్చుకుంటాయి, వాటి తేడాకి 90 రెట్లు. పేర్చాక వచ్చే 5432, 9876 రెండింటిలోనూ ఆ తేడాలు 3, 1. 2997కి 90 కలిపితే 3087. ప్రతి జవాబూ తొమ్మిదితో ఎందుకు భాగించబడుతుందో కూడా ఇక్కడే దొరికిపోతుంది. స్థానవిలువ మూడో క్లాసులో చదివిందే, పనికొచ్చేది ఇప్పుడు.

దీనితో మార్కులొస్తాయా అని అడిగేవాళ్లుంటారు. వచ్చే వారం టెస్టుకైతే రావు. కానీ మన తెలుగు సంఘాల పోటీల్లో ఎంతసేపూ స్టాప్‌వాచ్ పట్టుకుని వేగానికే కప్పులిస్తున్నాం. వారాంతపు తెలుగు బడిలో పెద్ద పిల్లలకి ఒక అరగంట ఇలాంటివి పెడదాం. టైమర్ వద్దు, బహుమతి వద్దు, తీసివేతకి కాల్క్యులేటర్ వాడుకోనిద్దాం. ముందు మూడంకెలతో చేయిస్తే 495 దగ్గర ఆగుతుంది. ఐదంకెలకి ఏమవుతుందో మాత్రం మనం నోరు విప్పొద్దు.