చార్లెస్ వంతెన ఖాళీ చేయించండి, ఫోటో తీసుకోవాలి

చెక్ రాజధాని ప్రాగ్ నగర పాలకులకు ఒక విన్నపం. చలికాలంలో మేము మీ ఊరికి వచ్చేది చార్లెస్ వంతెన మీద పురుగు కూడా లేకుండా ఒక్క ఫోటో తీసుకోవడానికి. మంచు పడి ఉండాలి, వెనకాల కోట లీలగా కనపడాలి, మనిషన్నవాడు ఉండకూడదు (మనం ఉండొచ్చు, మనం వేరే). ఈ మాత్రం చేయలేని ఊరు యునెస్కో జాబితాలో ఉండి ఏం లాభం?

నాలుగో చార్లెస్ రాజు జ్యోతిష్కులతో ముహూర్తం పెట్టించి 1357 జూలై 9న తెల్లవారుజామున 5:31కి శంకుస్థాపన చేశాడని చెప్పుకుంటారు. ఏడాది, తేదీ, నెల, సమయం వరసగా రాస్తే 135797531, ఎటు నుంచి చదివినా ఒకటే. ఇంత పట్టింపు ఉన్న మనిషి ఫోటోగ్రాఫర్ల ముహూర్తం మాత్రం చూడలేదు. డిసెంబర్‌లో ఆ వేళకు అక్కడ కటిక చీకటి, సూర్యుడు వచ్చేసరికి ఎనిమిదవుతుంది, సాయంత్రం నాలుగింటికల్లా దుకాణం కట్టేస్తాడు. సరే అని ఏడున్నరకే వెళ్తే, ఖాళీ వంతెన కోసం వచ్చిన జనంతో వంతెన నిండిపోయి ఉంటుంది, అందరూ ట్రైపాడ్లు బిగించుకుని ఒకళ్లనొకళ్లు శత్రువుల్లా చూసుకుంటుంటారు. ఇంతలో ఎవడో స్థానికుడు భుజాన సంచి వేసుకుని, ఏమాత్రం సిగ్గు లేకుండా, ఫ్రేము మధ్యలోంచి ఆఫీసుకు నడిచిపోతాడు.

ఇక మన జంటలు. జర్మనీలో ఉద్యోగాలు చేసేవాళ్లు క్రిస్మస్ సెలవులకు దిగుతారు. అబ్బాయికి ఓవర్‌కోటు, మఫ్లరు, గ్లౌజులు. అమ్మాయికి షిఫాన్ చీర. యూరప్‌లో తీసిన పాటలు చూసి పెరిగాం కదా, చలి హీరోలకే వేస్తుందని మనకు తెలుసు. చలికి త్వరగా దిగిపోతుందని స్పేర్ బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి ఆనించి దాస్తాం, వెచ్చటి కెఫేలోకి పోయేముందు తేమ పట్టకుండా కెమెరాను సంచిలో పెట్టి జిప్పు లాగుతాం. చీరలో ఉన్న మనిషి మాత్రం "ఇంకొక్కటి, నవ్వు" అంటే నవ్వాలి. మంచు బూడిద రంగులో వస్తే కెమెరాలో ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే (అంటే వెలుతురు రెట్టింపు చేస్తే) చాలు, నీలంగా మారిన పెదాలకు మాత్రం ఎడిటింగే గతి. అసలు మంచే పడని రోజులు చాలా ఉంటాయి, దానికీ యాప్‌లున్నాయి.

పరిష్కారం మీ వంతెన మీదే ఉంది. దానిమీదున్న 30 విగ్రహాల్లో చాలావరకు నకళ్లే, ఎండావానలకు పాడవుతాయని అసలువాటిని మ్యూజియంలో భద్రపరిచారు. ఎవరికీ అభ్యంతరం లేదు, అందరూ నకళ్ల పక్కనే నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అలాగే ఊరి బయట ఇంకో వంతెన కట్టండి. ఏడాదంతా కృత్రిమ మంచు, అట్ట కోట, చీరల కోసం కింద హీటర్లు. అసలు వంతెన మీ జనానికి ఆఫీసుకు పోవడానికి ఉంటుంది. కొత్తదాని మొదట్లో ఒక ట్రడెల్నిక్ (గొట్టంలా చుట్టి కాల్చే తీపి రొట్టె) బండి కూడా పెట్టించండి. మొన్నమొన్న పర్యాటకుల కోసం వీధివీధికీ మొలిచిన ఆ చిమ్నీ కేకే ప్రాచీన చెక్ సంప్రదాయంగా చలామణి అవుతుంటే, అట్ట కోటకు చరిత్ర పుట్టడానికి ఎంతసేపు?