మూడు వేల కిలోమీటర్ల ఇంద్రియనిగ్రహం

ఐదు వందల అశ్వశక్తి గల స్పోర్ట్స్ కారు కొన్న వ్యక్తికి తయారీ సంస్థ తాళంచెవితో పాటు ఇచ్చే మొదటి ఆదేశం, ఆ ఐదు వందల గుర్రాల్లో సగానికి కొంతకాలం పాటు కట్టు విప్పవద్దని. పోర్షె 911 చేతిపుస్తకాల్లో మొదటి 3,000 కిలోమీటర్ల వరకు ఇంజన్‌ను సుమారు 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటనివ్వరాదని రాసి ఉంటుంది. అదే ఇంజన్ 7,000 దాటి తిరగడానికే పుట్టింది. బీఎండబ్ల్యూ ఎమ్ కార్లకు ఈ గడువు 2,000 కిలోమీటర్లు, పరిమితి 5,500 ఆర్‌పీఎం. ఎనిమిదో తరం కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కారును తయారుచేసినవారికి మనిషి మాట మీద గురి కుదరలేదు కాబోలు, మొదటి 500 మైళ్ళు పూర్తయ్యేదాకా మొదటి రెండు గేర్లలో టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, కంప్యూటరే కోతపెట్టే ఏర్పాటు చేశారు.

ఇదేదో కొన్నవాడికి జరిగిన అన్యాయమని తొందరపడి అనేవారున్నారు. నా అభిప్రాయం అందుకు పూర్తిగా విరుద్ధం. స్పోర్ట్స్ కారు యజమాని జీవితంలో తల ఎత్తుకుని తిరగగలిగిన దశ ఏదైనా ఉంటే అది కొత్త ఇంజన్‌ను అదుపులో నడిపి కుదురుకోనిచ్చే ఈ రన్నింగ్-ఇన్ కాలమొక్కటేననీ, దానిని తగ్గించమని కోరడం మాని, శాశ్వతం చేయమని తయారీదారులకు విన్నవించుకోవలసిన సమయం వచ్చిందనీ నేను భావిస్తున్నాను.

ముందుగా శాస్త్రానికి ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందకీ ఆడే గొట్టమైన సిలిండర్ కొత్తలో, దాని లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందని మనం ఊహిస్తాం గాని, నిజానికి దాని మీద హోనింగ్ రాళ్ళనే సానరాళ్ళతో ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఖండించుకునేలా సన్నని గీతలు కావాలనే గీస్తారు. ఆ గీతల్లో నూనె నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన కంటికి కనిపించని మిట్టలను పిస్టన్ చుట్టూ తొడిగిన లోహపు రింగు పైకీ కిందకీ రాసుకుంటూ అరగదీస్తుంది, తానూ కొంత అరుగుతుంది, చివరికి రెండూ ఒకదానికొకటి ఒదుగుతాయి. రింగును గోడకు అదిమిపెట్టడంలో దాని సొంత బిగువు పాత్ర కొంతే. మండిన వాయువు రింగు వెనక్కి చేరి బయటికి నెట్టే ఒత్తిడిదే పెద్ద పాత్ర. అందుచేత మరీ సుతారంగా నడిపితే ఆ ఒత్తిడి చాలక, నూనె గోడ మీద మాడి నున్నటి పూతగా పేరుకుపోయి, రింగు ఎప్పటికీ సరిగా కుదురుకోకపోవచ్చు. ఆపైన కారు బతికినన్నాళ్ళూ నూనె తాగుతూనే ఉంటుంది. పోనీ అని, నూనె వేడెక్కకముందే మొరటుగా తొక్కితే లోహం లోహాన్ని గీరుకుంటుంది. ఇంజనీర్లు ఏళ్ళ తరబడి శ్రమించి మైక్రాన్లలో కొలిచి చేసిన ఇంతటి సున్నితమైన పనిలో ఆఖరి అంకాన్ని ఎవరికి అప్పగించారయ్యా అంటే, స్పోర్ట్స్ కారు చేతికందిన ఆనందంలో ఉన్న మనిషి కుడికాలి బొటనవేలికి.

ఆ బొటనవేలు చేసిన పనికి సాక్ష్యం కూడా దొరుకుతుంది. బీఎండబ్ల్యూ ఎమ్ కార్లకు 2,000 కిలోమీటర్ల వద్ద జరిపే సర్వీసులో ఇంజన్ నూనెతో పాటు, చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్ నూనె కూడా మారుస్తారు, ఎందుకంటే అక్కడి గేరు పళ్ళు కూడా కొత్తలో ఒకదాన్నొకటి సానబట్టుకుంటాయి. దించిన నూనెను టార్చి వెలుగులో వంచి చూస్తే సన్నటి లోహపు రజను మిలమిలలాడుతుంది. యజమాని దానిని ఫొటో తీసి పదిమందికీ చూపిస్తాడు. తన ఆస్తి అరిగి రాలిన పొడిని ఇంత సంబరంగా ప్రదర్శించే యజమాని మరే రంగంలోనూ కానరాడు.

శాస్త్రం ఇలా రెండువైపులా హెచ్చరించడంతో లోకంలో రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. శాంత సంప్రదాయం వారికి చేతిపుస్తకం ప్రమాణం. వారు 3,900 దగ్గర ముల్లును చూస్తూ ఊపిరి బిగబట్టి, గేరు మార్చాక వదులుతారు. ఉగ్ర సంప్రదాయం వారు షోరూం గేటు దాటిన మొదటి గంటలోనే రింగుల భవితవ్యం తేలిపోతుందని నమ్మి, ఇంజన్ వేడెక్కగానే కాలు నేలకు ఆనేదాకా తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కుతారు. వీరికి ఆకాశం నుంచి సాక్ష్యం దొరికింది: లైకమింగ్ సంస్థ తన పిస్టన్ విమాన ఇంజన్లను కొత్తలో ఖనిజ నూనె పోసి, 65 నుంచి 75 శాతం శక్తితో నడపాలనీ, నూనె ఖర్చు నిలకడపడేదాకా లేదా 50 గంటలదాకా ఆ నూనెనే కొనసాగించాలనీ చెబుతుంది. అది గాలితో చల్లబడే ఇంజన్ అనీ, దానికి ట్రాఫిక్‌లో ఆగవలసిన అవస్థ లేదనీ గుర్తుచేస్తే ఉగ్రులు నొచ్చుకుంటారు. శాంతులు మాత్రం తక్కువ తిన్నారా? వేగాన్ని మార్చుతూ నడపమని కూడా అదే పుస్తకం చెప్పిన సంగతి మరిచి, హైవే ఎక్కి, వేగాన్ని తానే నిలకడగా ఉంచే క్రూజ్ కంట్రోల్ నొక్కి, గంటల తరబడి ఒకే ఆర్‌పీఎం వద్ద పుణ్యం మూటగట్టుకుంటారు. ఈ తగవు తీరే మార్గం లేదు, ఎందుకంటే ఏ యజమానీ ఒకే ఇంజన్‌ను రెండు పద్ధతుల్లోనూ కొత్తగా నడిపి చూడలేడు. ఏ లక్ష కిలోమీటర్ల తర్వాతో పొరుగువాడి కారు నూనె తాగి నీలిపొగ వదిలితే, అది తొలి రోజుల్లో ఎదుటి సంప్రదాయాన్ని అనుసరించిన పాపమేనని ఇరువర్గాలూ తీర్పు చెబుతాయి.

ఇంతకూ ఇందులో యజమాని చేసే త్యాగమెంత? పై గేరులో 4,000 ఆర్‌పీఎం చేరేసరికి ఇటువంటి కారు చాలా దేశాల వేగపరిమితిని ఎప్పుడో వెనక వదిలేసి ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎమ్ పుస్తకం ఈ కాలంలో గంటకు 170 కిలోమీటర్లు దాటవద్దని కూడా కోరుతుంది. ఆఫీసుకు నలభైలో వెళ్ళి ముప్ఫైలో తిరిగివచ్చే యజమాని ఆ నియమాన్ని పాటిస్తున్నానని చెప్పేటప్పుడు అతని ముఖంలో కనిపించే గాంభీర్యం చూసి తీరవలసినది. ఎప్పుడూ చేయని పనిని, ఎప్పుడూ చేయబోని పనిని, ఇంజన్ క్షేమం కోరి మానుకున్నానని చెప్పుకునే అవకాశం మనిషికి అంత తేలిగ్గా దొరకదు.

ఈ కాలపు అసలు విలువ సిగ్నల్ దగ్గర తెలుస్తుంది. పచ్చదీపం వెలుగుతుంది, పక్కనున్న చిన్న హ్యాచ్‌బ్యాక్, వెనక సీట్లో సామాన్ల సంచులతో సహా, చటుక్కున ముందుకు దూసుకుపోతుంది. మన కారు ఠీవిగా, గర్భిణి నడకతో కదులుతుంది. పక్కన కూర్చున్న బావమరిది తలతిప్పి చూస్తాడు. "రన్నింగ్-ఇన్‌లో ఉంది బావా" అంటాడు యజమాని. బావమరిది గౌరవంగా తల ఊపుతాడు. ఓటమి అనదగిన ఒక సంఘటన ఆ ఒక్క మాటతో నిగ్రహంగా మారిపోయింది. మూడు వేల ఒకటో కిలోమీటరున అదే సిగ్నల్ దగ్గర అదే హ్యాచ్‌బ్యాక్ మళ్ళీ ముందుకు వెళితే, ఆ పెద్దమనిషి ఏం చెప్పుకోవాలి? ముందు ట్రాఫిక్ ఉందనా, దారిలో గుంత ఉందనా, తనకు భయమనా?

కనుక తయారీదారులు ఈ గడువును మూడు లక్షల కిలోమీటర్లకు పెంచాలన్నది నా మొదటి మనవి. వారు అంగీకరించేలోగా, తెలివిగల యజమానికి నియమాలకు లోబడే ఒక మార్గం ఉంది. కొత్త టైర్ల పైపొర అరిగి పట్టు వచ్చేదాకా కొన్ని వందల కిలోమీటర్లు జాగ్రత్తగా నడపాలి. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్కుకు ఒదిగేదాకా గట్టిగా తొక్కకూడదు. స్పోర్ట్స్ కార్ల మెత్తని టైర్లు ఎలాగూ త్వరగా అరుగుతాయి. ఇంజన్ గడువు ముగిసేనాటికి టైర్లు, టైర్ల గడువు ముగిసేనాటికి ప్యాడ్లు మార్చుకుంటూ పోతే, ఏ సంవత్సరంలో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా కారులో ఏదో ఒక భాగం రన్నింగ్-ఇన్‌లో ఉన్నట్టే. ఖర్చు మాట అడిగేవారు ఈ కారు కొననే కొనరు.

అయితే ఈ నిష్ఠలో మనందరినీ మించినవారు అరుదైన కార్లను సేకరించే కలెక్టర్లు. వారు పరిమిత సంఖ్యలో తయారైన కారును కొని, సీట్ల మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా, తేమ తగలని గదిలో బ్యాటరీ ఛార్జరు తగిలించి నిలబెడతారు. కొన్నేళ్ళకు అది వేలానికి వస్తుంది, కొన్నప్పటికంటే ఎక్కువ ధరకే అమ్ముడుపోయే అవకాశమూ ఉంది. రన్నింగ్-ఇన్ పద్ధతి ప్రకారం జరిగిందా అని ఎవరైనా అడిగితే, ఈ ఇంజన్ నాలుగు వేలు దాటిన పాపాన పోలేదని ఆ యజమాని నిండు సభలో ప్రమాణం చేయగలడు, అది అక్షరాలా నిజం కూడా. ఓడోమీటరు మీద నలభై కిలోమీటర్లుంటాయి. మిగిలిన 2,960 కిలోమీటర్ల నిగ్రహం కూడా ధరలో కలిసే ఉంటుంది. కొత్త యజమాని దానిని ఏమాత్రం తరగనీయకుండా ట్రక్కు మీద ఇంటికి తరలించుకుపోతాడు.